ఏడో సొరంగం తలుపు

ఒకటో రోజు
మునిగిన మెట్లు మూడు. రుచి గంజి ఉప్పు.

ఈ పుస్తకం నా కూతురు కెజీయాది. రోజూ పొద్దున ఏడో బావిలో నీళ్లు చూసి ఇందులో రాసేది. నాలుగు రోజులుగా రాసేవాళ్లు లేరు. ఒకరి పని ఆగితే ఆ ఇంటివాళ్లే అందుకోవాలని గోడ నియమం. ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే. నేను నాలుగో తరగతి దాకా చదివాను, అదీ పడవ మీద నడిపిన బడిలో. నాకు వచ్చినట్టు రాస్తాను.

ఎలా రాయాలో జకరయ్య చెప్పాడు. ఈ వైపు గోడకి అతనే మేస్త్రీ.

"ముందు మెట్లు లెక్కపెట్టు అక్కా. బావికి ఇరవై ఒక్క మెట్లు. కింద నుంచి ఎన్ని మునిగినయ్యో చూడు. తర్వాత ఓ చుక్క నాలిక మీద ఏసుకో. చప్పన, గంజి ఉప్పు, కూర ఉప్పు, పచ్చడి ఉప్పు. ఈ నాలుగే. మీటర్లన్నీ తుప్పు పట్టి చచ్చి..." అని నాలిక కరుచుకున్నాడు. ఆ మాట మా ఊళ్లో అనం. "ఆగిపొయినయ్" అని దిద్దుకున్నాడు.

మా గోడ ప్రాణమున్న గోడ. ఆల్చిప్పల్లో బతికే జీవాల్ని మార్చి, పెంచి, వాటి పెంకుతోనే కట్టారు. సున్నం, నాచు కలిపిన మేత పెడితే తన పగుళ్లు తనే పూడ్చుకుంటుంది. మేత పెట్టడానికి గోడ లోపలికి పన్నెండు సొరంగాలున్నాయి, ఒక్కో దాని పక్కన లోపలి ఊట తెలిసేందుకు ఒక బావి. నాలుగు రోజుల కింద కెజీయా మేత బిందె ఎత్తుకుని ఏడో దాంట్లోకి వెళ్లింది. లోపల పగులు విచ్చుకుంది. కప్పు కూలింది. నీళ్లు తోసుకొచ్చాయి. ఆమె రాలేదు.

సొరంగం గుమ్మం పక్కన మేకుకి ఆమె ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. లోపలికి పోయేవాళ్లు బిళ్ల తగిలించి పోవాలి, బయటికొచ్చాక తీసుకోవాలి. బిళ్ల ఉన్నంతసేపూ ఇనప తలుపు మూయకూడదు. దాన్ని తీసే హక్కు ఆ మనిషికో, ఆ ఇంటివాళ్లకో తప్ప ఇంకెవరికీ లేదు. మంచి నియమమే. మనుషుల్ని లోపలుంచి మూసేయకుండా పెట్టుకున్నది.

సంఘం పుస్తకంలో కెజీయా పేరుకెదురుగా 'పనిలో ఉన్నది' అని రాశారు.

రెండో రోజు
మెట్లు మూడు. గంజి ఉప్పు.

సువార్తమ్మ పిన్ని ఉల్లిపాయలు తెచ్చింది. గంపెడు.

"ఏందే దీవెనా, తలుపేసుకుని కూకున్నావ్. ఇయ్యిగో, పులుసు పెట్టుకో."

"నాకెందుకు పిన్నీ ఇవి? నేనెవర్నీ బండెక్కించలేదు. కెజీయా పనిలో ఉంది."

పిన్ని నా ముఖంలోకి చూసింది. "సరేలే. ఉంచు. కుళ్లిపొయ్యే సరుకు కాదుగా" అని గంప గోడవార పెట్టి వెళ్లిపోయింది.

ఉల్లిపాయల సంగతి రాయాలంటే ఈ ఊరి సంగతి రాయాలి. ముప్పై ఒక్క ఏళ్ల కింద నాకు పద్నాలుగేళ్లు. అప్పటికి ఒడ్డు ఊళ్లన్నీ నీళ్ల కిందకి పోయి మేం పడవల మీద బతుకుతున్నాం. మా నాన్న, ఇద్దరు మేనమామలు ఆ నీళ్లలోంచి తిరిగి రాలేదు. ఈ గోడ పెరిగాక రెండేళ్లు పంపులు తిరిగాయి. ఆ ఏడాదే నేల తేలింది. నల్లటి బురద, చేపల ముళ్లు, తలకిందులైన పడవలు. మా సంఘ కాపరి పెద్దయ్యగారు మోకాలి లోతు బురదలో నిలబడి గ్రంథంలో చివరి పేజీలు తెరిచారు. పాత నేల పోయి కొత్త నేల వస్తుందని, సముద్రమన్నదే ఇక ఉండదని చదివారు. మేం కళ్లారా చూస్తున్నాం. నిజంగానే లేదు. మా అమ్మ ఆ బురదలోనే చతికిలబడి చిన్నపిల్లలా నవ్వింది. నాన్నని మింగినది పోయిందని నవ్వింది.

ఆయన ఇంకో రెండు మూడు వరసలు చదివారు. చావు ఉండదు, దుఃఖం ఉండదు, ఏడుపు ఉండదు. మొదటిది అక్షరాలా నిజమైంది కదా, రెండోది ఎందుకు కాదు? ఆ రోజు ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. ఊరికి కొత్తనేల అని పేరు పెట్టుకున్నాం. గోడ అవతల ఉన్నదాన్ని 'అవతలి నీళ్లు' అంటాం.

అందుకే మా ఊళ్లో ఎవరికైనా ఊపిరి బరువెక్కితే శుక్రవారం బండిలో ఊరి పొలిమేర దాటించి, మెట్టనున్న పాత ఒడ్డుకు పంపేస్తాం. ఊపిరి ఉండగానే పంపాలి. ఆ తర్వాత ఏం జరిగిందో అడగం. పుస్తకంలో 'బయటకు వెళ్లెను' అని రాస్తారు. మా ఆయన్ని ఆరేళ్ల కింద అలాగే పంపాను. చెయ్యి ఊపాడు. ఈ ఊళ్లో సమాధుల దొడ్డి లేదు. ఎవరూ ఏడవరు. బండెక్కించిన ఇంటికి మాత్రం ఇరుగుపొరుగు ఉల్లిపాయలు తెస్తారు. తలుపేసుకుని కోసుకుంటాం. ఉల్లిపాయకి కారే నీళ్లు ఏడుపు కిందికి రావు.

ఐదో రోజు
మెట్లు ఐదు. గంజి ఉప్పే, కాస్త ఎక్కువ.

నతానియేలు అయ్యగారు వచ్చారు. పెద్దయ్యగారి కొడుకు. తండ్రి తర్వాత ఈ సంఘం ఈయనదే.

"దీవెనమ్మా, ధైర్యంగా ఉన్నావా?"

"ఉన్నానయ్యగారూ. నా బిడ్డ వస్తుంది కదా?"

"ఈ నేల మీద మరణం లేదని దేవుడు చెప్పాడమ్మా. మనం చెప్పింది కాదు, ఆయన చెప్పింది" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన నన్ను చూడలేదు, గుమ్మంలోంచి బయటికి చూశారు.

అయినా ఆ మాట నాకు ఎంత హాయిగా ఉందో రాయలేను. వేడి చేసిన కాసిని నీళ్లు కాళ్ల మీద పోసినట్టుంది. ఆయన వెళ్లగానే అన్నం వండాను. క్యారేజీ కట్టి సొరంగం గుమ్మం దగ్గర పెట్టి, "కెజీయా, అన్నం పెట్టానమ్మా" అని లోపలికి కేకేశాను. నీళ్ల చప్పుడు వినిపించింది. లోపల పని ఎక్కువుంది కాబోలు అనుకున్నాను.

తొమ్మిదో రోజు
మెట్లు ఏడు. కూర ఉప్పు.

రోజూ క్యారేజీ పెడుతున్నాను. రోజూ అలాగే తిరిగి వస్తోంది.

పొద్దున జకరయ్య బావి గట్టు మీద కూర్చుని నా కోసం కాచుకున్నాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"అక్కా, ఒక మాట చెప్తా, తిట్టమాకు."

"చెప్పు."

"కదిలే నీళ్లలో పెంకు పట్టదు. మేత ఎంత పెట్టినా కొట్టుకుపోతంది. సొరంగం నిండా బంకమట్టి కూరి తలుపు మూసేస్తే, లోపల నీళ్లు నిలబడితే, నలభై రోజుల్లో గోడ తనే పూడుకుంటది. ఇట్టాగే వదిలేస్తే బావి పదిహేనో మెట్టు దాటుద్ది. అప్పుడు గోడ కాళ్ల కింద మట్టి జారిపోద్ది. పల్లపు వరసలో నలభై ఇళ్లున్నయ్. బడి అక్కడే."

"అయితే?"

"అయితే... బిళ్ల నువ్వు తియ్యాల."

నేను తిట్టాను. ఇక్కడ రాయలేని మాటలు తిట్టాను. నీ పిల్లలు లోపలుంటే మట్టి కూరతావా అన్నాను. వాడు తల ఎత్తలేదు. కెజీయాకి పని నేర్పింది వాడే. మేత కలిపేటప్పుడు పాడేదని, ఆ పాటలన్నీ తప్పు రాగంలో పాడేదని వాడే ఓసారి నవ్వుతూ చెప్పాడు.

"నువ్వు తియ్యకపోతే నేను ముట్టుకోను అక్కా. నియమం" అని లేచి వెళ్లాడు.

పన్నెండో రోజు
మెట్లు తొమ్మిది. కూర ఉప్పు.

ఇవాళ క్యారేజీతో లోపలికే వెళ్లాను. వెళ్లకూడదు, తెలుసు. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. ముప్పై అడుగులు పోయాక కూలిన కప్పు దారికి అడ్డంగా ఉంది, బండల సందుల్లోంచి నీళ్లు చిమ్ముకొస్తున్నాయి. లాంతరు ఎత్తి చూశాను. ఒక పక్క, నీటి వాలు తగలని చోట, కెజీయా మేత బిందె పడి ఉంది. ఒలికిన మేతంతా గోడ తినేసింది. బిందె మీదికి పాకి తెల్లగా పెంకు కట్టేసింది. అంచు ఒక్కటే బయటికి కనిపిస్తోంది. చేత్తో లాగాను. రాలేదు. అది ఇప్పుడు గోడది.

అక్కడ నిలబడి పేరు పెట్టి పిలిచాను. చాలాసార్లు.

తిరిగి వస్తుంటే చేతిలో క్యారేజీ బరువు తెలిసింది. నా కూతురు ఆకలికి ఆగదు. చిన్నప్పటి నుంచీ అంతే. ప్రార్థన జరుగుతుంటే నా చెంగు లాగి "అమ్మా, ఆమేన్ ఎప్పుడు?" అనేది. ఇరవై రెండేళ్లొచ్చాక కూడా అన్నం దించేలోపు గిన్నెలో గరిట పెట్టేది. పదహారు రోజులు అన్నం లేకుండా ఆ బండల వెనక పని చేసుకుంటూ కూర్చునే మనిషి కాదు. బతికుంటే గోళ్లతో గోకైనా వచ్చేది.

బతికుంటే అని రాశాను. రాసింది కొట్టేయను.

ఇంటికొచ్చి ఆ గంపలో ఉల్లిపాయలన్నీ కోశాను. ఒక్క పులుసుకి అన్ని అక్కర్లేదు.

పద్నాలుగో రోజు
మెట్లు పది. కూర ఉప్పు, నాలిక కాస్త మండింది.

అయ్యగారి ఇంటికి వెళ్లాను. సంఘపెద్ద ఏసుపాదం గారు కూడా ఉన్నారు. సంఘం పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. మనిషి గట్టివాడు. మొదటి రోజుల్లో ఈ బురదని తవ్వి కాలువలు తీసినవాళ్లలో ఆయనొకరు.

"వందనాలయ్యగారూ. బిళ్ల తీసేస్తాను. నా కూతురు చనిపోయిందని రాయండి. ఊరందర్నీ పిలిచి మట్టి కూరించండి" అన్నాను. ఇంటి దగ్గర పదిసార్లు అనుకుని వచ్చిన మాటలే.

ఏసుపాదం గారు పుస్తకం మూసేశారు. "ఆ మాట ఈ ఇంట్లో అనమాకు."

"మరేమనాలి?"

"ముప్పై ఒక్క ఏళ్లల్లో ఈ నేల మీద ఒక్కరికీ అది జరగలేదు. దేవుడి మాట మీద కట్టిన ఊరిది. నాలుగో తరగతి చదివి నువ్వు మాకు వాక్యం చెప్పొచ్చావా?"

"వాక్యం కాదండీ. నీళ్లు చెప్తున్నా. పది మెట్లు."

"గోడకి చెమట. ఎండాకాలం పడితే అదే తగ్గుద్ది."

"చెమట ఇంత ఉప్పుండదు ఏసుపాదం గారూ. కావాలంటే రుచి చూడండి, బావి దగ్గరకి రండి."

అయ్యగారు మూసిన పుస్తకం అట్ట వైపే చూస్తున్నారు. మెల్లగా అన్నారు: "ఆమె సొరంగం నుంచి వచ్చేసిందని, ఒంట్లో బాగోక శుక్రవారం బండిలో వెళ్లిందని రాస్తే? తల్లివి నువ్వు చూశానంటే సరిపోతుంది. అప్పుడు అది ఖాళీ సొరంగం. మట్టి కూరడానికి ఎవరూ కాదనరు."

"ఆదివారం సాక్ష్యంలో లేచి నీ నోటితో చెప్పాల" అన్నారు ఏసుపాదం గారు. "లేకపోతే పుకార్లు లేస్తయ్."

నాకు పల్లపు వరస గుర్తొచ్చింది. బడి గుర్తొచ్చింది. కెజీయా ఉంటే ఏమనేది? ముందు పిల్లల సంగతి చూడమ్మా, తర్వాత నా సంగతి అనేది.

"సరే. చెప్తాను" అన్నాను.

పదహారో రోజు
మెట్లు పదకొండు. పచ్చడి ఉప్పు.

రేపు చెప్పాల్సిన మాటలు వంట చేస్తూ అనుకున్నాను. 'నా కూతుర్ని కళ్లతో చూశాను. బండెక్కించాను. చెయ్యి ఊపింది.' మూడో మాట దగ్గర ఆగిపోతున్నాను. చెయ్యి ఊపింది వాళ్ల నాన్న. ఆయన చెయ్యి తీసుకొచ్చి ఈమెకి తగిలిస్తున్నాను.

సువార్తమ్మ పిన్నికి చెప్పాను, ఇలా ఒప్పుకున్నానని. డెబ్బై ఏళ్ల మనిషి. చేటలో బియ్యం ఏరుతూ ఉండిపోయింది. "మంచిదే. పిల్లలు బతుకుతారు" అంది. ఇంకో గుప్పెడు ఏరాక, "మా నాన్నని పూడ్చిన రోజు నాకు గుర్తుంది. ఈ ఊరు లేనప్పటి మాట. మట్టి ఏసేటప్పుడు పేరు పెట్టి పిలవమన్నారు. పిలిచా. ఆ ఒక్క పిలుపుతో గుండె బరువు దిగిందే దీవెనా. మళ్లీ ఎవరికీ అట్టా పిలిచే అవకాశం రాలా" అంది.

"మీవాళ్లెంతమంది పిన్నీ?"

"బండెక్కించింది ఐదుగుర్ని" అంది. వేళ్లు ముడవకుండానే చెప్పింది.

పదిహేడో రోజు, ఆదివారం
పొద్దున చూసినప్పుడు మెట్లు పదమూడు. పచ్చడి ఉప్పు కంటే ఎక్కువ. దానికి ఈ పుస్తకంలో మాట లేదు.

రాత్రి రెండు మెట్లు ఒక్కసారే ఎక్కాయి. జకరయ్య ముఖం పాలిపోయింది. "ఇవాళే కూరాల అక్కా. రేపటికి ఆగదు."

ఆరాధనకి వెళ్లాను. మూడు వందల మంది ఉన్నారు. అలవాటుగా అయ్యగారు ఆ పేజీ చదివారు. ప్రతి ఆదివారం చదివేదే. సాక్ష్యాల వేళయింది. ఏసుపాదం గారు తల ఊపారు. లేచాను.

"నా కూతుర్ని..." అన్నాను. "కళ్లతో..." అన్నాను.

ఎదురు వరసలో పల్లపు పిల్లలు కూర్చున్నారు. వాళ్లని చూస్తే చెప్పేయగలను అనుకున్నాను. నోరు రాలేదు. కెజీయా ముందు ఇన్నేళ్లలో అబద్ధం ఆడలేదని కాదు, చాలా ఆడాను. కానీ ఆమె ఆ బండల కింద ఉంటే, అక్కడ లేదని ఎలా అనను? బతికున్నన్నాళ్లూ ఎక్కడుందో ఎప్పుడూ తెలిసిన బిడ్డ. చివరికి ఉన్న చోటు కూడా నేనే తీసేయాలా?

"నా కూతురు చనిపోయింది" అన్నాను. "ఏడో సొరంగంలో. సముద్రం లోపలికి వచ్చి చంపేసింది."

ఎవరో కెవ్వుమన్నారు. చనిపోవడం, సముద్రం. ఆ పేజీ చదివేటప్పుడు తప్ప ఆ రెండు మాటలూ ఆ మందిరంలో ఎన్నడూ ఎవరూ అనలేదు.

"దీవెనమ్మా, కూచో!" ఏసుపాదం గారు లేచారు. "ఒప్పుకున్నదేంది, చెప్తున్నదేంది?"

"అబద్ధం రాలేదండీ. ప్రయత్నం చేశాను."

"దేవుణ్ని అబద్ధికుణ్ని చేస్తన్నావ్!"

"లేదు. నేను ఆయన్ని నమ్ముతున్నాను." ముందున్న బల్ల పట్టుకున్నాను. "అయ్యగారూ, ఇప్పుడు మీరు చదివిన దాంట్లోనే ఉంది కదా, ఆయన వచ్చి వాళ్ల కళ్లలో కన్నీళ్లన్నీ తుడుస్తాడని. ప్రతి చుక్కా. చావు ఉండదు అన్న మాట కంటే ముందే ఉంది. నేను పిల్లని పెంచినదాన్ని. ముఖం తుడవాలంటే ముందు అది తడిసి ఉండాలి. మన ఊళ్లో ఎవరూ ఏడవకపోతే ఆయన వచ్చి ఎవరి ముఖం తుడుస్తాడు? పొడి ముఖాలు చూసి, వీళ్లకి నా అవసరం లేదులే అని పోడా?"

ఊరివాళ్ల వైపు తిరిగాను.

"చివరి రోజున వస్తానని ఆయన చెప్పిన మాటని మనం నిన్ననే వచ్చిపోయినట్టు చదువుకున్నాం. మా అమ్మ కూడా అలాగే చదువుకుంది. ఆ రోజు బురదలో ఎంత సంతోషం! ఆ సంతోషం అబద్ధం కాదు. కానీ సముద్రం ఉంది. పొద్దున నాలిక మీద వేసుకుని చూశాను. గోడ అవతలే ఉంది, ఇప్పుడు ఇవతలకి వస్తోంది. నా బిడ్డ చచ్చిపోలేదని మనం అనుకున్నంతసేపూ ఆ తలుపు తెరిచే ఉంటుంది. మీ పిల్లలు ఇక్కడే ఉన్నారు. నా బిడ్డ మీద మట్టి వేయండి. అడుగుతున్నాను. తల్లిని నేనే అడుగుతున్నాను."

అప్పుడు ఏడ్చాను. ఉల్లిపాయలు లేకుండా. ఎంత గట్టిగా ఏడ్చానో నాకు తెలియదు, ఇది రాసే వేళకి గొంతు పూర్తిగా పోయింది.

"కూచో అంటన్నా!" అని ఏసుపాదం గారు మళ్లీ అరిచారు.

"నువ్ కూచో ఏసుపాదం" అంది సువార్తమ్మ పిన్ని వెనక వరసలోంచి. "నా నడుం ఎత్తున్నప్పటి నుంచి నిన్ను చూస్తన్నా. మనిషిని ఏడవనియ్."

అయ్యగారు వేదిక దిగి వచ్చారు. గ్రంథం చేతిలోనే ఉంది, వేలు ఆ పేజీలోనే ఉంది. నా ముందు ఆగారు. "రిబ్కా బండెక్కేటప్పుడు... ఇంటి దగ్గరే ఉండనివ్వమంది. నేను వద్దన్నాను. ఊపిరి ఉండగానే పంపాలని నేనే తొందర పెట్టాను" అన్నారు. ఆయన భార్య, రిబ్కా అమ్మగారు, వెళ్లి తొమ్మిదేళ్లు. ఆయన ముఖం మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

జకరయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "అయ్యగారూ, పదమూడు మెట్లు" అన్నాడు.

"పదండి" అన్నారాయన.

ఊరంతా కదిలింది. కాలువ గట్టు నుంచి ఏడో సొరంగం దాకా మనుషులు వరసగా నిలబడి తట్టలు అందించారు. నేను మేకు దగ్గరికి వెళ్లాను. బిళ్ల చల్లగా ఉంది. తీశాను. ఇంత తేలికని అనుకోలేదు. మొదటి తట్ట నాకే ఇచ్చారు. నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి, కూలిన బండల దగ్గర ఆగాను. ఏం చేయాలో ఎవరికీ తెలియదు. నలభై ఏళ్ల లోపు వాళ్లలో ఒక్కరూ సమాధి చూసి ఎరగరు. పిన్నిని ఇద్దరు పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు.

"గుప్పెడు తీసుకో. పేరు పెట్టి పిలువు. పిలిచాక ఏసెయ్. ఆపమాకు, ఏసెయ్" అంది.

"కెజీయా" అన్నాను. మట్టి వేశాను. బిళ్ల కూడా దాంతోనే వేశాను.

జకరయ్య రెండో తట్ట తెచ్చాడు. "కెజీయా, చెల్లెమ్మా" అని వేశాడు. తర్వాత అయ్యగారు వచ్చారు. వంగి మట్టి తీసుకుని, "కెజీయా" అన్నారు. ఇంకో గుప్పెడు తీసి, "రిబ్కా" అన్నారు.

ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లల్లా ముందు నా కూతురి పేరు పిలిచారు, తర్వాత తమ వాళ్ల పేరు. రాహేలు. ప్రసన్నకుమార్. తాతయ్యా. అమ్మా. పేరు పెట్టకముందే పంపిన పసిగుడ్డుని ఒకామె 'బంగారూ' అని పిలిచింది. పిన్ని ఐదుగుర్నీ పిలిచింది, ఒక్కొక్కరికీ విడిగా మట్టి వేసింది, మధ్యలో ఒకరిని "సచ్చినోడా, నన్నొదిలి పోయావ్" అని తిట్టింది. కొందరు నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. నేను "మీ నాన్న కూడా వస్తున్నాడమ్మా" అని ఆయన పేరు పిలిచాను.

సాయంత్రానికి సొరంగం గుమ్మం దాకా నిండింది. ఎంత మట్టి పట్టిందో అంతమంది పేర్లు పట్టాయి. ఇనప తలుపు మూయడానికి ఆరుగురు నెట్టాల్సి వచ్చింది. జకరయ్య గడియ వేశాడు. మెట్లు అప్పటికి పద్నాలుగు.

పద్దెనిమిదో రోజు
మెట్లు పద్నాలుగు. నిన్నటి రుచే.

ఆగింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూశాను. పద్నాలుగే.

ఇరవై నాలుగో రోజు, ఆదివారం
మెట్లు పన్నెండు. పచ్చడి ఉప్పు నుంచి కూర ఉప్పుకి దిగింది.

జకరయ్య తలుపుకి చెవి ఆనించి విన్నాడు. లోపల కదలిక లేదట. పెంకు పట్టడం మొదలైందన్నాడు.

ఆరాధనలో అయ్యగారు అదే పేజీ చదివారు. చదివాక గ్రంథం మూయలేదు. "ఆ రోజు ఇంకా రాలేదు. వస్తుంది. కాచుకుందాం" అన్నారు. అంతే ప్రసంగం. ఈ శుక్రవారం బండి ఖాళీగా వెళ్లింది. పల్లపు వరసలో ముసలాయన ఒకరు ఎక్కనన్నారట. ఇంట్లోనే ఉంటారట, కూతురు పక్కన కూర్చుందట. రెండు కుటుంబాలు ఊరు వదిలి వెళ్లిపోయాయి, ఈ మోసం మేం భరించలేమని. వాళ్లని నేను తప్పు పట్టలేను. ముప్పై ఒక్క ఏళ్లు చావు లేని ఊళ్లో బతికి, ఒక్క పూటలో ఉందంటే ఎవరికైనా కష్టమే.

మధ్యాహ్నం బావి దగ్గర ఉన్నాను. ఏసుపాదం గారు వచ్చారు. ఆ ఆదివారం నుంచి ఆయన ఎవరికీ కనిపించలేదు. మట్టి కూరేటప్పుడు కూడా రాలేదు. కుడి చెయ్యి గుప్పిట మూసి ఉంది. నా ముందు నిలబడ్డారు గానీ నన్ను చూడలేదు. తలుపు వైపు చూశారు.

"మూసేశారు" అన్నారు.

"మూసేశాం."

గుప్పిట తెరిచారు. అందులో బంకమట్టి. ఎప్పుడు తీసుకున్నారో, ఎన్నాళ్ల నుంచి పట్టుకుని తిరుగుతున్నారో, ఎండి పగుళ్లు తేలింది.

"మొదటి ఏడాది" అన్నారు. "కాలువలు తవ్వుతున్నప్పుడు. మూడేళ్లోడు. జ్వరం. బండెక్కించా. ఏడుస్తన్నాడు, నాన్నా నాన్నా అని. పుస్తకంలో 'బయటకు వెళ్లెను' అని నేనే రాశా." ఆగారు. "ఇది ఎక్కడెయ్యాలమ్మా?"

నాకు కోపం రాలేదు. వస్తుందేమో అని చూసుకున్నాను, రాలేదు. లేచి, బావికి ఎడంగా, గోడవార ఎండ పడే చోటికి ఆయన్ని తీసుకెళ్లాను. అక్కడ గడ్డి కూడా సరిగా మొలవదు. చేత్తో కాస్త నేల పెళ్లగించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు. మట్టి ఎండిపోయి చేతికి అంటుకుని రాలేదు. బావిలోంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన అరచేతిలో పోశాను.

"పేరు పిలవాలండీ" అన్నాను.

ఆయనకి చాలాసేపు పట్టింది. నేను పక్కనే కూర్చున్నాను.

పిలిచారు. ఆ పేరు ఏ పుస్తకంలోనూ సరిగా లేదు కాబట్టి ఇందులో రాస్తున్నాను. ఫిలేమోను. మూడేళ్లు. చనిపోయాడు. వాళ్ల నాన్న ఏడ్చాడు.